ఒకే ప్లేబుక్, ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు: కోచ్ మారాక తడబడిన ఆటగాణ్ణి ఎలా తూచాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మీ అబ్బాయి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పాత గణాంకాలు తిరగేసి, ఒకప్పటి ఆటగాడు డెనార్డ్ రాబిన్సన్‌కు పరుగు తప్ప క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని, దాన్ని విసరాలో ఎవరికివ్వాలో చూసుకునే ఆటగాడు) ఆట రాదని, కోచ్ మారగానే ఆ సంగతి తేలిపోయిందని అంటున్నాడు. 2010లో అతని ఆటను స్టేడియంలో కూర్చుని చూసిన మీకు ఆ మాట మింగుడు పడటం లేదు. తనకు సరిపడని పద్ధతిలో ఆడించి, తరువాత లోపం కుర్రాడిదే అనడం న్యాయమా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ అబ్బాయి అంకెలను సరిగ్గానే చదివాడు, వాటికి అర్థం మాత్రం తప్పుగా తీశాడు. మీ కోపం న్యాయమైనదే, కానీ తప్పంతా కోచ్ నెత్తిన పెడితే అదీ సగం నిజమే అవుతుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్ దగ్గర ఉంటూ కళాశాల ఫుట్‌బాల్ చూస్తున్నాను. మ్యాచ్ అయ్యాక రికార్డింగును మళ్లీ పెట్టుకుని, ఒక్కొక్క ప్లే (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా సాగే ఒక ఎత్తు) దగ్గర ఆపి నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. క్వార్టర్‌బ్యాక్ అంకెలలో అతని ప్రతిభ ఎంత, అతన్ని ఆడించిన పద్ధతి ఎంత అన్నది స్కోరుబోర్డు విడదీసి చూపించదని ఆ పుస్తకాలే నాకు నేర్పాయి. విడదీసుకోవలసింది చూసేవాళ్లమే.

డెనార్డ్ దగ్గర మొదలుపెట్టను. అతనికంటే ఏడేళ్ల ముందు, అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో జేసన్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు పడిన పాట్లు ముందు తెలియాలి. ఎందుకంటే ఈ ఇద్దరి కథల్లోనూ ఒకే మనిషి ఉన్నాడు: అఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే జట్టు దాడిని రచించే కోచ్, అల్ బోర్జెస్. ఒకరిని నిలబెట్టిన ప్లేబుక్కే (కోచ్ రచించిన ప్లేల పుస్తకం) ఇంకొకరి కాళ్లకు అడ్డుపడింది. ఈ విషయంలో నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

క్యాంప్‌బెల్ ఆబర్న్‌లో ఆడిన నాలుగేళ్లలో నలుగురు కోఆర్డినేటర్లు మారారు. 2001లో నోయెల్ మజోని, 2002లో బాబీ పెట్రినో, 2003లో హ్యూ నాల్, 2004లో బోర్జెస్. కోఆర్డినేటర్ మారడమంటే పేరు మారడం ఒక్కటే కాదు. ప్లేల పేర్లు మారతాయి, ముందు వరసలో అడ్డుకునే లైన్‌మన్లకు చెప్పే సంకేతాలు మారతాయి, స్నాప్ (ప్లే మొదట్లో వెనక్కి అందించే బంతి) అందుకున్నాక ఎన్ని అడుగులు వెనక్కి వేయాలి, పాస్ పట్టే రిసీవర్లలో మొదట ఎవరి వైపు చూడాలి అన్నవి కూడా మారతాయి. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఏడాదికో కొత్త భాష నేర్చుకుని, ఆ భాషలో మూడు సెకన్లలోపు ఆలోచించాలి. 2003 సీజన్‌కు ముందు ఆబర్న్ దేశంలోనే మొదటి స్థానానికి తగిన జట్టని కొందరు రాశారు. తొలి మ్యాచ్‌లో సొంత మైదానంలోనే సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూఎస్‌సీ) చేతిలో 23-0తో, మరుసటి వారం జార్జియా టెక్ చేతిలో 17-3తో ఓడింది. సీజన్ ముగిసేసరికి ఎనిమిది గెలుపులు, ఐదు ఓటములు. అభిమానుల కళ్లలో క్యాంప్‌బెల్ నెమ్మదిగా ఆలోచించేవాడు, బంతిని మరీ ఎక్కువసేపు పట్టుకునేవాడు, పెద్ద మ్యాచ్‌లు గెలిపించలేనివాడు అయిపోయాడు.

2004లో బోర్జెస్ వచ్చాడు. ఆయన తెచ్చింది బిల్ వాల్ష్ సంప్రదాయంలోని వెస్ట్ కోస్ట్ పద్ధతి. ఇందులో క్వార్టర్‌బ్యాక్ కాళ్లే గడియారం. మూడడుగులు వెనక్కి వేస్తే ఒక పాస్, ఐదడుగులు వేస్తే ఇంకో పాస్. వెనక పాదం నేలకు తగిలే క్షణానికే రిసీవర్ మలుపు తిరుగుతాడు, బంతి చేతిని వదలాలి. ఎవరైనా ఖాళీగా దొరుకుతారేమోనని వెతకడం కాదు, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో ముందే తెలుసుకుని విసరడం. ఆరడుగుల నాలుగైదు అంగుళాల ఎత్తు, గట్టి భుజం, చెప్పింది ఓపికగా చేసే స్వభావం ఉన్న క్యాంప్‌బెల్‌కు ఇది అతికినట్టు సరిపోయింది. ఆ ఏడు అతను 2,700 యార్డులు, 20 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించిన స్కోర్లు), 7 ఇంటర్‌సెప్షన్లతో (ఎదుటివాళ్లు పట్టేసుకున్న పాసులు), దాదాపు 70 శాతం పాసులు పూర్తి చేశాడు. ఆబర్న్ పదమూడు మ్యాచ్‌లూ గెలిచింది. సీజన్ చివర మంచి జట్లకు దక్కే బౌల్ మ్యాచ్‌లలో ఒకటైన షుగర్ బౌల్‌లో వర్జీనియా టెక్‌ను 16-13తో ఓడించింది. మరుసటి ఏప్రిల్‌లో, వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే క్యాంప్‌బెల్‌ను వాషింగ్టన్ తీసుకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆ జట్టులో రానీ బ్రౌన్, కార్నెల్ విలియమ్స్ లాంటి రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) ఉన్నారు కదా, అదే డ్రాఫ్ట్‌లో ఒకరు రెండో ఆటగాడిగా, మరొకరు ఐదో ఆటగాడిగా ఎంపికయ్యారు కదా, వాళ్లిద్దరూ పక్కన ఉంటే ఎవరైనా గెలుస్తారని. నిజమే, కానీ వాళ్లిద్దరూ 2003లోనూ అక్కడే ఉన్నారు. మనుషులు అప్పటివాళ్లే, మైదానమూ అదే. మారింది ఆటను రచించే చెయ్యి. 2003 చివర్లో క్యాంప్‌బెల్ చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటే, అతను పనికిరానివాడన్న తీర్పు శాశ్వతంగా నిలిచిపోయేది. దాన్ని తప్పని చూపించే ఆధారం ఎవరి దగ్గరా ఉండేది కాదు. నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతున్నది ఇదే. అలాంటి 2004 దక్కనివాళ్లు ఎంతమందో!

ఇప్పుడు డెనార్డ్. ఫ్లోరిడాలోని డీర్‌ఫీల్డ్ బీచ్ నుంచి వచ్చినవాడు, బూటు తాళ్లు కట్టుకోకుండా పరిగెత్తేవాడు. 2009లో వెస్టర్న్ మిషిగన్‌తో మ్యాచ్‌లో అతను మొదటిసారి మైదానంలోకి దిగి స్నాప్‌ను జారవిడిచాడు, నేల మీది బంతిని ఏరుకుని 43 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అప్పటి ప్రధాన కోచ్ రిచ్ రోడ్రిగెజ్. 1990ల తొలి సంవత్సరాల్లో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కళాశాలలో జోన్ రీడ్ అనే పరుగు ప్లేకు రూపం ఇచ్చినవాడు, వెస్ట్ వర్జీనియాలో క్వార్టర్‌బ్యాక్ పాట్ వైట్‌ను ఆడించినవాడు.

జోన్ రీడ్ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే డెనార్డ్ అంకెలు అర్థం కావు. మామూలు పరుగు ప్లేలో బంతి చేతికిచ్చాక క్వార్టర్‌బ్యాక్ ప్రేక్షకుడే. అంటే పదిమంది పదకొండుమందితో పోరాడాలి. జోన్ రీడ్‌లో ఒక డిఫెన్సివ్ ఎండ్‌ను (డిఫెన్స్ ముందు వరస చివర ఉండేవాణ్ణి) కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ అతన్ని చూస్తూ ఉంటాడు. ఆ ఎండ్ రన్నింగ్ బ్యాక్ మీదికి దూకితే బంతిని తన దగ్గరే ఉంచుకుని అతను ఖాళీ చేసిన చోటు నుంచి పరిగెత్తుతాడు. అతను కదలకుండా నిలబడితే బంతి రన్నింగ్ బ్యాక్‌కు ఇచ్చేస్తాడు. అడ్డుకునేవాడు లేకుండానే ఆ ఒక్కడు ఆటలోంచి తప్పుకున్నట్టే. డెనార్డ్ వేగానికి భయపడి ఆ వరస వెనక కాపలా కాసే లైన్‌బ్యాకర్లు, సేఫ్టీలు కూడా ముందుకు ఉరికేవారు. అప్పుడు అతను రెండడుగులు పరుగు తీస్తున్నట్టు వేసి, వాళ్ల వెనక ఖాళీ అయిన చోటుకు, ఎక్కువగా రిసీవర్ రాయ్ రౌండ్‌ట్రీకి, బంతిని అలా పైకి వదిలేవాడు. పదిహేను యార్డుల చుట్టుపక్కల ఒక్క డిఫెండర్ ఉండేవాడు కాదు. ఆ పాస్ పూర్తి చేయడానికి గొప్ప భుజం అక్కర్లేదు. కానీ ఆ ఖాళీని పుట్టించింది డెనార్డ్ కాళ్లే. అది అతని ప్రతిభా, పద్ధతి గొప్పదనమా? రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, అక్కడ గీత గీయడం కుదరదు.

2010లో అతను 2,570 యార్డులు పాసులతో, 1,702 యార్డులు పరుగుతో సాధించాడు. 62.5 శాతం పాసులు పూర్తయ్యాయి, 18 టచ్‌డౌన్‌లు, 11 ఇంటర్‌సెప్షన్లు. నోటర్ డామ్ మైదానంలో ఒక్క మ్యాచ్‌లోనే పరుగూ పాసూ కలిపి 502 యార్డులు, గెలుపు 28-24. మీరు చూసిన ఆట ఇదే. కానీ ఆ జట్టు డిఫెన్స్ మ్యాచ్‌కు సగటున 35.2 పాయింట్లు ఇచ్చేసింది. ఏడు గెలుపులు, ఆరు ఓటములు. 2011 జనవరిలో రోడ్రిగెజ్‌ను తొలగించారు. అంతకుముందు లాయిడ్ కార్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన బ్రేడీ హోక్ వచ్చాడు. శాన్ డియేగో స్టేట్‌లో తనతో ఉన్న బోర్జెస్‌ను వెంట తెచ్చుకున్నాడు.

బోర్జెస్ మూర్ఖుడు కాడు. క్యాంప్‌బెల్ కథ తెలిసినవారెవరూ ఆ మాట అనలేరు. అప్పటికే ప్రసిద్ధుడైన డెనార్డ్‌ను మార్చాలనే ఉద్దేశం కూడా ఆయనకు పూర్తిగా లేదు. కొన్ని అడుగుల వెనక నిలబడి స్నాప్ అందుకునే షాట్‌గన్‌ను ఉంచాడు, పరుగు ప్లేలు ఉంచాడు, తన ప్లేలు కలిపాడు. చిక్కంతా ఆ కలపడంలోనే వచ్చింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. వెస్ట్ కోస్ట్ పద్ధతిలో బంతి అందించే సెంటర్‌కు ఆనుకుని వెనకే నిలబడి స్నాప్ తీసుకుని, రన్నింగ్ బ్యాక్‌కు బంతి ఇస్తున్నట్టు నటించే ప్లేలు చాలా ఉంటాయి. ఆ నటన కోసం క్వార్టర్‌బ్యాక్ డిఫెన్స్‌కు వీపు చూపించాలి. అంటే ఒకటి రెండు సెకన్లు అతనికి ఎదుటివాళ్లు కనిపించరు. తిరిగి తల ఎత్తేసరికి సేఫ్టీ ఎటు కదిలాడో, లైన్‌బ్యాకర్ ఎక్కడ దాగాడో ఒక్క చూపులో గ్రహించాలి. క్యాంప్‌బెల్‌కు అది వచ్చు. డెనార్డ్ మాత్రం బంతి చేతికి అందిన క్షణం నుంచీ ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ ఆడటం నేర్చుకున్నవాడు. అతని బలం చూపుతో మొదలై కాళ్లలోకి దిగేది. ఆ చూపునే రెండు సెకన్లు ఆపేశారు. పైగా అతను బంతి ఇచ్చినట్టు నటిస్తే డిఫెన్స్‌కు భయం ఏముంది? వాళ్లు భయపడేది బంతి అతని చేతిలో ఉన్నప్పుడు. రన్నింగ్ బ్యాక్‌ను ఎరగా వేయడం వల్ల, అసలు ఎర అయిన డెనార్డ్ పరుగు పక్కకు పోయింది.

2011లో అతని అంకెలు: 258 పాసులలో 142 పూర్తి, అంటే 55 శాతం. 20 టచ్‌డౌన్‌లు, 15 ఇంటర్‌సెప్షన్లు. పరుగు 1,176 యార్డులు. మీ అబ్బాయి వేలు పెట్టి చూపిస్తున్న వరుస ఇదే అనుకుంటాను.

అయితే చూడండి, ఆ ఏడు మిషిగన్ 11 గెలిచి 2 ఓడింది. షుగర్ బౌల్‌లో వర్జీనియా టెక్‌ను 23-20తో ఓడించింది. ఏడేళ్ల ముందు క్యాంప్‌బెల్‌తో బోర్జెస్ గెలిచిన బౌలే, ఓడించిన జట్టే. క్వార్టర్‌బ్యాక్ పాసింగ్ దిగజారింది, జట్టు పైకి లేచింది. ఎలా? డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా గ్రెగ్ మాటిసన్ వచ్చి డిఫెన్స్‌ను బాగుచేశాడు. మ్యాచ్‌కు 35.2 పాయింట్లు ఇచ్చిన జట్టు 17.4 దగ్గర ఆగింది. గెలుస్తున్నంతకాలం ప్లేబుక్‌కూ కుర్రాడికీ మధ్య పెరుగుతున్న దూరాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఆ సెప్టెంబరులో నోటర్ డామ్‌తో మిషిగన్ స్టేడియంలో జరిగిన మొట్టమొదటి రాత్రి మ్యాచ్‌లో నేనున్నాను. 1,14,804 మంది ప్రేక్షకులు. డెనార్డ్ 24 పాసుల్లో 11 మాత్రమే పూర్తి చేశాడు, మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, ఐనా 338 యార్డులు, నాలుగు టచ్‌డౌన్‌లు. ఇంకా రెండు సెకన్లు ఉండగా రౌండ్‌ట్రీకి విసిరిన పాస్‌తో 35-31తో గెలిపించాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి పుస్తకంలో రాసుకున్న మొదటి వాక్యం గెలుపు గురించే. నెల రోజుల తరువాత మళ్లీ చూస్తే, రిసీవర్లు గాలిలో డిఫెండర్లతో పెనుగులాడి లాక్కున్న బంతులే కళ్లకు కనిపించాయి. అంతకుముందు ఏడాది కనిపించిన ఆ ఖాళీ చోట్లు ఎక్కడా లేవు.

2012లో గెలుపులు తగ్గాయి, దూరం బయటపడింది. తొలి మ్యాచ్‌లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో అలబామా చేతిలో 41-14. ఆ మ్యాచ్‌లో డెనార్డ్ పరిగెత్తింది పదిసార్లు, వచ్చింది 27 యార్డులు. దేశంలోకెల్లా వేగంగా పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌ను, దేశంలోకెల్లా గట్టి డిఫెన్స్ ఎదుట, నిలబడి పాసులు విసరమన్నారు. నోటర్ డామ్‌తో నాలుగు ఇంటర్‌సెప్షన్లు, ఓటమి 13-6. అక్టోబరులో నెబ్రాస్కాతో ఆడుతూ మోచేతి నరం దెబ్బతింది. ఆ తరువాత అతను క్వార్టర్‌బ్యాక్‌గా మునుపటిలా విసరలేకపోయాడు. డెవిన్ గార్డ్‌నర్ ఆ స్థానంలోకి వచ్చాడు.

ఇక అభిమానుల సంగతి. ఆ రోజుల్లో నా చుట్టూ జరిగిన వాదనలు విని విని నాకు తోచినది ఇది: క్వార్టర్‌బ్యాక్ గురించి వాదిస్తున్నామనుకునేవాళ్లు నిజానికి కోచ్ గురించి వాదించుకుంటున్నారు. రోడ్రిగెజ్‌ను తీసేయడం తప్పనుకున్నవారికి డెనార్డ్ చేతిని బోర్జెస్ పాడుచేశాడు. రోడ్రిగెజ్ మిషిగన్ సంప్రదాయానికి తగనివాడనుకున్నవారికి డెనార్డ్ మొదటినుంచీ క్వార్టర్‌బ్యాక్ కాడు, అతని ఆట రోడ్రిగెజ్ స్ప్రెడ్ పద్ధతి (ఆటగాళ్లను మైదానం అడ్డంగా పరిచి ఆడించేది) చేసిన కనికట్టు. రెండు వర్గాలూ కుర్రాణ్ణి తమ వైపు సాక్షిగా బోనులో నిలబెట్టాయి. అతని పాస్ ఎక్కడ పడిందో చూసినవాళ్లు తక్కువ, ఆ పాస్ తమ వాదనకు అక్కరకు వస్తుందా అని చూసినవాళ్లే ఎక్కువ. మీ అబ్బాయి ఇప్పుడు వింటున్నది ఆ రెండో వర్గం వాదన మిగిల్చిన చివరి మాట.

మొదటి వర్గం చెప్పకుండా దాటేసే విషయం కూడా చెప్పాలి, లేకపోతే నేనూ పక్షపాతినే అవుతాను. ఒత్తిడి వచ్చినప్పుడు డెనార్డ్ ముందు పాదం మీద బరువు వేయకుండా వెనక్కి వాలి విసిరేవాడు. బంతి పైకి తేలిపోయేది. ఇది బోర్జెస్ నేర్పింది కాదు. 2010 నాటి నా పుస్తకంలోనే ఆ మాట పదేపదే రాసి ఉంది, ఆ ఏటి 11 ఇంటర్‌సెప్షన్లలో దానికి పెద్ద వాటా ఉంది. రోడ్రిగెజ్ పద్ధతి ఆ లోపాన్ని దిద్దలేదు. అలా విసరవలసిన సందర్భాలు తక్కువ రానిచ్చింది, అంతే. బోర్జెస్ పద్ధతి ఆ లోపం మీదే పదే పదే బరువు వేసింది. ఉన్న లోపాన్ని కప్పిపుచ్చే పద్ధతి, దాన్నే ముందుకు తెచ్చే పద్ధతి, రెండూ ఒకే ఆటగాణ్ణి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా చూపిస్తాయి.

అందుకే నేను ఏ క్వార్టర్‌బ్యాక్‌నైనా చూసేటప్పుడు, పద్ధతి మారినా అతనితోపాటు వచ్చేవి ఏమిటని వెతుకుతాను. ఖాళీగా ఉన్న రిసీవర్‌కు బంతి ఎక్కడ అందుతోంది, పరుగు ఆపకుండా పట్టుకునేలా ఛాతీ ముందుకా, వెనక్కి తిరిగి ఆగి పట్టుకునేలానా? మొదట చూసిన రిసీవర్ దొరకకపోతే కళ్లు రెండోవాడి వైపు వెళుతున్నాయా, నేల వైపు దిగుతున్నాయా? దెబ్బ తిన్న తరువాతి ప్లేలో పాదాలు నిలకడగా ఉన్నాయా? ఇవి అతనివి. పూర్తయిన పాసుల శాతం, యార్డులు, చివరికి ఇంటర్‌సెప్షన్ల సంఖ్య కూడా చాలావరకు ఉమ్మడి ఆస్తి. అందులో కోఆర్డినేటర్‌కు, అడ్డుకునే లైన్‌మన్లకు, రిసీవర్లకు వాటా ఉంది.

ఈ తూకం ఎంత మారిపోగలదో చూడాలంటే క్వార్టర్‌బ్యాక్ జో బరో 2018, 2019 అంకెలు పక్కపక్కన పెట్టండి. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో (ఎల్‌ఎస్‌యూ) మొదటి ఏడు 57.8 శాతం, 16 టచ్‌డౌన్‌లు. రెండో ఏడు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి కోచ్ జో బ్రేడీ వచ్చి పాసింగ్‌ను మార్చాక 76.3 శాతం, 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్‌లు, ఆ ఏటి ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ, జాతీయ విజేత. జేడెన్ డేనియల్స్ 2021లో అరిజోనా స్టేట్‌లో పది టచ్‌డౌన్ పాసులు, పది ఇంటర్‌సెప్షన్లు. 2023లో ఎల్‌ఎస్‌యూలో 40, 4, అతనికీ హైస్‌మన్. ఇద్దరి విషయంలోనూ వయసు, అనుభవం, చుట్టూ ఉన్న రిసీవర్లు కూడా మారాయి కాబట్టి మొత్తం ఘనత పద్ధతికే ఇవ్వను. కానీ మొదటి అంకెలు చూసి తీర్పు రాసేసినవాళ్లు ఎంత తొందరపడ్డారో తెలుస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2008లో రోడ్రిగెజ్ మిషిగన్‌కు వచ్చిన మొదటి ఏడు స్టీవెన్ థ్రీట్ క్వార్టర్‌బ్యాక్. పొడవాటివాడు, పరిగెత్తేవాడు కాదు, జోన్ రీడ్‌కు ఏ రకంగానూ తగడు. అతనితోపాటు ఆడిన నిక్ షెరిడన్ స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడు. మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. 33 ఏళ్లుగా వరసగా బౌల్ ఆడుతున్న జట్టుకు ఆ ఏడు బౌల్ లేదు. అక్టోబరులో టొలీడో చేతిలో సొంత మైదానంలో 13-10తో ఓడిన రోజు నా వెనక వరసలో కూర్చున్న పెద్దమనుషులు ఆ ఇద్దరు విద్యార్థులను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అప్పటికి ఆ కుర్రాళ్లకు ఆటకు జీతం లేదు, తమ పేరు మీద సంపాదించుకునే హక్కు కూడా లేదు, అది వచ్చింది 2021లో. థ్రీట్ అరిజోనా స్టేట్‌కు వెళ్లాడు. అక్కడ 2010లో అతనికి బాగా సరిపోయే పాసింగ్ పద్ధతే దొరికింది, కోఆర్డినేటర్ క్యాంప్‌బెల్ మొదటి ఏడు చూసిన మజోనియే. అయినా 18 టచ్‌డౌన్‌లతోపాటు 16 ఇంటర్‌సెప్షన్లు వచ్చాయి. తల దెబ్బల వల్ల ఆ తరువాత ఆటే మానుకోవలసి వచ్చింది. పద్ధతి కుదిరితే అందరూ బరోలు అవుతారని నేను అనను. థ్రీట్ నిజమైన స్థాయి ఏమిటో మిషిగన్‌లో కనిపించలేదు, అరిజోనాలో కనిపించింది. 2008లో అతనికి పడిన తిట్లు ఆ స్థాయికి ఏమాత్రం తగినవి కావు.

అదే సమయంలో రయాన్ మాలెట్ చేసిన పని నాకు మొదట నచ్చలేదు. 2007లో లాయిడ్ కార్ దగ్గర ఆడిన కుర్రాడు, ఆరున్నర అడుగుల మనిషి, భుజం ఫిరంగి లాంటిది. రోడ్రిగెజ్ వస్తున్నాడని తెలియగానే ఆర్కన్సాకు మారిపోయాడు. మమ్మల్ని వదిలేశాడని మేమంతా బాధపడ్డాం. అప్పటి నిబంధన ప్రకారం 2008 అంతా ఆడకుండా కూర్చున్నాడు. తరువాత బాబీ పెట్రినో దగ్గర రెండు సీజన్లలో 62 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. మిషిగన్‌లో ఉండి ఉంటే జోన్ రీడ్‌లో పరిగెడుతూ దెబ్బలు తినేవాడు, అతన్నీ పనికిరానివాడని అనేవాళ్లం. అతను 2023లో ఫ్లోరిడా సముద్రంలో మునిగి చనిపోయాడన్న వార్త చదివినప్పుడు, పందొమ్మిదేళ్ల వయసులో తన ఆట ఎక్కడ బతుకుతుందో అంత స్పష్టంగా తెలుసుకున్న కుర్రాణ్ణి తప్పుపట్టినందుకు నాకు చాలా బాధ కలిగింది. 2021లో ఒకసారి ఏడాది కూర్చోకుండానే జట్టు మారే వీలు వచ్చింది. ఇప్పుడు మీ అబ్బాయి తరం ఆ మార్పును తప్పుగా చూడదు, అది మంచిదే. కానీ కొత్త చిక్కు ఒకటి వచ్చింది: సరిపడకపోతే మారిపోవచ్చు కదా, మారలేదంటే లోపం అతనిదే అనుకోవడం. డెనార్డ్‌కు అంత సులువైన దారి లేదు. దారి ఉన్నా వెళ్లేవాడని నేను అనుకోను. కోచ్‌ను తీసేశాక కూడా అతను ఇక్కడే ఉండిపోయాడు.

ఇంకొకటి మీ అబ్బాయితో నెమ్మదిగా మాట్లాడమంటాను. "ఇతను గొప్ప ఆటగాడే కానీ క్వార్టర్‌బ్యాక్ కాదు" అన్న మాటకు అమెరికాలో పాత చరిత్ర ఉంది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను దశాబ్దాలపాటు ఆ మాటతోనే వేరే స్థానాలకు తోశారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని రోజ్ బౌల్‌లో గెలిపించి, ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడైన వారెన్ మూన్‌ను 1978 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. అతను కెనడా వెళ్లి ఆడి, తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వచ్చి, 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. డెనార్డ్ పాసింగ్‌లో లోపాలున్నాయని చెప్పడం విమర్శే, ఆ విమర్శ నేనూ పైన చేశాను. అతను క్వార్టర్‌బ్యాకే కాడనడం వేరే సంగతి. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాన్ని పలకకూడదు. మీ అబ్బాయికి దురుద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. మనలాగే బయటి నుంచి వచ్చి ఈ ఆటను ప్రేమించిన కుటుంబాలకు ఆ చరిత్ర ఇంట్లో వినిపించదు, అంతే.

మీరిద్దరూ ఒక సెలవు రోజు కూర్చుని 2010 నోటర్ డామ్ మ్యాచ్, 2012 అలబామా మ్యాచ్ చూడండి. స్కోరు పక్కన పెట్టి, ప్రతి స్నాప్‌కు ముందు డెనార్డ్ ఎక్కడ నిలబడ్డాడో, స్నాప్ తరువాత మొదటి సెకనులో అతని ముఖం ఎటు ఉందో మాత్రం మీ అబ్బాయిని రాసుకోమనండి. తరువాత 2013 జనవరి 1న టాంపాలో సౌత్ కరోలినాతో జరిగిన ఔట్‌బ్యాక్ బౌల్ పెట్టండి. మిషిగన్ 33-28తో ఓడింది. మోచేయి బాగా లేక డెనార్డ్ ఆ రోజు ఎక్కువగా రన్నింగ్ బ్యాక్ స్థానంలో నిలబడ్డాడు, సరిగ్గా 100 యార్డులు పరిగెత్తాడు. దానితో అతని మొత్తం పరుగు 4,495 యార్డులకు చేరి, అప్పటికి అత్యున్నత స్థాయి కళాశాల ఫుట్‌బాల్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్‌కూ లేని రికార్డు అయింది. అంతకుముందు ఆ రికార్డు పాట్ వైట్‌ది, 4,480.